చుక్క లేని పేరు ఎక్కడికి పోతుంది?

యాంకర్: అడ్రస్ బార్‌లో ‘వికీ’ అని ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కాను. డాట్ కామ్ లేదు, ఏమీ లేదు. అది సైట్ పేరా, వెతకాల్సిన మాటా? ఎవరు తేలుస్తారు?

బ్రౌజర్ డెవలపర్: బ్రౌజరే, అదీ ఊహించి. చుక్క లేదంటే మామూలుగా సెర్చ్‌కి పంపేస్తుంది. చివర స్లాష్ పెడితే మాత్రం సైట్ పేరే అనుకుంటుంది.

నెట్‌వర్క్ ఇంజనీర్: అదంతా మీ బ్రౌజర్ గారాబం. మెషీన్ పలుకుతుందో లేదో చూసే పింగ్ కమాండ్ కొట్టి చూడండి, సెర్చ్ ఇంజిన్ ఊసే ఉండదు. లినక్స్‌లో పేర్లు ఎలా వెతకాలో రాసుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ‘సెర్చ్’ అని ఒక లైను ఉంటుంది, అందులో ఉన్న ఆఫీసు డొమైన్లని ఒక్కొక్కటే ‘వికీ’కి తోకలా తగిలించి, పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌ని సిస్టమ్ అడుగుతుంది, ఏదీ దొరక్కపోతేనే ఉత్త పేరు. పేరులో ఎన్ని చుక్కలుంటే ముందు ఉన్నదున్నట్టు అడగాలో ‘ఎన్‌డాట్స్’ చెబుతుంది. మామూలుగా అది 1. సర్వర్ల గుంపు మీద అప్లికేషన్లు నడిపే కుబర్నెటీస్ పాడ్లలో 5! దాంతో రెండు చుక్కలున్న బయటి పేరుకి కూడా ముందు లోపలి తోకలన్నీ తగిలించి, అన్నిటికీ ‘లేదు’ అనిపించుకుని, అప్పుడు అసలు పేరు అడుగుతుంది. ఇది తెలియక నేను ఒక రాత్రంతా అప్లికేషన్‌ని తిట్టుకున్నాను. పేరు చివర చుక్క పెట్టగానే సర్దుకుంది.

యాంకర్: చివర చుక్కా?

నెట్‌వర్క్ ఇంజనీర్: అంటే ‘పేరు ఇక్కడితో అయిపోయింది, ఇంకేం తగిలించకు’ అని.

సెక్యూరిటీ నిపుణురాలు: ఆ తోక ఎవరిస్తున్నారో కూడా చూడండి సార్. చాలాసార్లు మీరు కనెక్టయిన రౌటరే. ల్యాప్‌టాప్ చోటు మారితే అదే ‘మెయిల్’ ఇంకో మెషీన్ అయిపోతుంది. విండోస్‌లో అయితే డీఎన్ఎస్‌లో దొరక్కపోతే లోకల్ నెట్‌వర్క్‌లో ‘మెయిల్ ఎవరూ?’ అని కేకేస్తుంది, పక్కన కూర్చున్నవాడు ‘నేనే’ అంటే నమ్మేస్తుంది. కంపెనీ అనుమతితోనే దాని సిస్టమ్‌లోకి చొరబడి చూసే పెన్‌టెస్ట్‌కి వెళ్తే మేం మొదట పట్టుకునేది దీన్నే.

యాంకర్: అయితే చుక్క లేని సైటే ఉండకూడదా?

బ్రౌజర్ డెవలపర్: డాట్ కామ్ లాంటి కొత్త ముగింపు డాట్ సెర్చ్ కోసం పెట్టిన దరఖాస్తులో గూగుల్ అడిగింది అదే, ఉత్త ‘సెర్చ్’ అని కొడితే తెరుచుకోవాలని. నాకైతే ముచ్చటగానే అనిపించింది.

సెక్యూరిటీ నిపుణురాలు: ముచ్చటేంటండీ! 2013 జూలైలో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డ్ ఇది హానికరమని చెప్పింది, ఆగస్టులో డొమైన్ పేర్లని చూసుకునే ఐకాన్ కొత్త టీఎల్‌డీలకి, అంటే డాట్ కామ్ లాంటి ముగింపులకి, నిషేధించింది. దేశాల కోడ్‌ల మీద ఆ పట్టు లేదు కాబట్టి కరీబియన్ దీవి ఆంగ్విల్లా కోడ్ ‘ఏఐ’కి ఉత్తగానే ఐపీ అడ్రస్ ఉండేది.

నెట్‌వర్క్ ఇంజనీర్: ఉన్నా అందరికీ తెరుచుకోదు. లినక్స్‌లో పేర్లు వెతికిపెట్టే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ ఒంటి పేరుని ఉన్నదున్నట్టు డీఎన్ఎస్‌కి పంపనే పంపదు, కావాలంటే సెట్టింగ్ మార్చుకోవాలి. అసలు బ్రౌజర్ల వాళ్లు చుక్కల గురించి మాట్లాడకూడదు. క్రోమ్ తెరిచిన ప్రతిసారీ, లేని పేర్లకి కూడా ఎవరైనా దొంగ జవాబిస్తున్నారేమో చూడ్డానికి, మూడు పిచ్చి మాటలు అడిగేది. 2020లో లెక్క తీస్తే డీఎన్ఎస్‌లో అన్నిటికన్నా పైనుండే రూట్ సర్వర్లకొచ్చే ప్రశ్నల్లో సగానికి దగ్గర అవే.

బ్రౌజర్ డెవలపర్: తర్వాత మార్చారు కదండీ...

యాంకర్: ఆ మూడు మాటల సంగతి బ్రేక్ తర్వాత.