బిల్లు రాసే ముందు గోడ కొలవండి

(విజయనగరంలో కంప్యూటర్ హార్డ్‌వేర్ శిక్షణ పూర్తి చేసిన విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, అడగ్గానే ఈ హాలు ఇచ్చిన మాస్టారికి, పిల్లల కోసం పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ఈరోజు సర్టిఫికెట్లు అందుకోబోతున్న మీ అందరికీ నమస్కారం. ఒక్క నిమిషం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

నన్ను ‘హార్డ్‌వేర్ రంగంలో ఉపాధి అవకాశాలు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ పొద్దున్న గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే మా బావ ఫోన్ చేశారు. ఆయనతో మాట్లాడాక ఈ కాగితాలు చదవబుద్ధి కావడం లేదు. రెండేళ్లుగా ఎక్కడా చెప్పని విషయం ఒకటి ఉంది, అది మీకు చెప్పాలి. టైముంటే చివర్లో ఉపాధి సంగతి చూద్దాం.

బావ అంటే మా అక్క భర్త. రాజాం దగ్గర పల్లె. మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయనగరంలోకి వచ్చింది. ఆయన ఓడల్లో ఇంజినీరుగా ముప్ఫై ఏళ్లు పనిచేశారు. ఓడ ఆగిన రేవుల్లో తోటివాళ్లతో కలిసి గోల్ఫ్ నేర్చుకున్నారు. రిటైరయ్యాక విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి స్నేహితులతో వెళ్లి ఆడేవారు. తర్వాత రెండు మోకాళ్లూ ఆపరేషనయ్యాయి. దాదాపు వంద కిలోమీటర్లు కారులో కూర్చుని వెళ్లడం, ఎండలో ఆ గడ్డి మీద నడవడం ఇక కుదరలేదు. అమెరికాలో ఉన్న కొడుకు చూసి, నాన్నా ఇంట్లోనే ఆడుకో అని, కొట్టిన బంతిని కొలిచే లాంచ్ మానిటర్ అనే పరికరం ఒకటి తెచ్చి ఇచ్చాడు. ధాన్యం కొట్టుగది ఖాళీగా ఉంది. పదడుగుల పైన ఎత్తు, మంచి పొడవు. అందులో తెర కట్టారు.

గోల్ఫ్ మనకెందుకు అని కొందరు అనుకుంటున్నట్టు మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. నిజమే, మనవి బరువులెత్తే ఊళ్లు. 2000లో సిడ్నీ నుంచి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం ఆడబిడ్డ. గోల్ఫ్ బంతి చూడనివాళ్లే ఈ హాల్లో ఎక్కువ. అయినా వినండి. రేపు మీ దగ్గరికి ఫొటో స్టూడియో అతను వస్తాడు, ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకున్న ఆవిడ వస్తుంది, స్కానింగ్ సెంటర్‌వాళ్లు వస్తారు. పని మీకు తెలియదు, కంప్యూటర్ మాత్రం మీరే ఇవ్వాలి. అక్కడే నేను తప్పు చేశాను.

ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. కర్ర నిజమైనదే, బంతీ నిజమైనదే. ఆ బంతి 45.93 గ్రాములు మించకూడదు, 42.67 మిల్లీమీటర్ల కన్నా చిన్నది కాకూడదు. ప్రొఫెషనల్ ఆటగాడు గట్టిగా కొడితే గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గదిలో అది పోయేది పదడుగులే, గట్టి గుడ్డ తెరకు కొట్టుకుని పడిపోతుంది. ఆ కాస్త దూరంలోనే లాంచ్ మానిటర్ బంతి వేగం, లేచిన కోణం, గింగిరాలు కొలుస్తుంది. ఆ లెక్క కంప్యూటర్‌కి వెళ్తే, మిగతా రెండొందల గజాలూ బంతి ఎలా ఎగిరేదో సాఫ్ట్‌వేర్ గీసి చూపిస్తుంది. ప్రొజెక్టర్ దాన్ని తెర మీద వేస్తుంది. అంటే ఒక్కో క్షణం కొత్త బొమ్మ గీయాలి. చెట్లు, గడ్డి, నీడలు, నీళ్లు, అన్నీ గీయాలి. బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

బావ నాకు ఫోన్ చేసిన రోజు నేనొక కాలేజీ ల్యాబులో మదర్‌బోర్డు బిగిస్తున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. “ఒరే, ఈ ఆటకి కంప్యూటర్ ఏది కొనమంటావు?” అన్నారు. నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా చెబుతాను. “ప్రాసెసర్ పెద్దది చూసుకోండి బావా. ర్యామ్ ఎక్కువ వేయించుకోండి. ఎక్కడ కొన్నా ఒకటే.” మూడు మాటలు. వాటిలో ఒక్క ప్రశ్న లేదు. ప్రొజెక్టర్ ఏదని అడగలేదు, సాఫ్ట్‌వేర్ ఏదని అడగలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్న నేను, సొంత అక్క ఇంటికి అలా చెప్పాను.

ఆయన ఒక కొట్టుకి వెళ్లారు. పేరు చెప్పను, ఊరూ చెప్పను. ఐ9 ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్, నీళ్లతో చల్లబరిచే కూలర్, క్యాబినెట్ నిండా రంగురంగుల లైట్లు. 1 లక్షా 80 వేలు. మా అక్క దానికి కుంకుమ బొట్టు పెట్టి ఫొటో పంపింది. నేను బాగుందని జవాబిచ్చాను.

ఎనిమిది నెలలు గడిచాయి. నేను వెళ్లలేదు. సిరిమానోత్సవానికి వాళ్లు మా ఇంటికి వచ్చారు. దసరా వెళ్లిన మంగళవారం మన ఊళ్లో చుట్టాలు లేని ఇల్లుండదు కదా. రాత్రి భోజనాల దగ్గర, ఆట ఎలా సాగుతోంది బావా అని అడిగాను. చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పారు. “మానేశానురా. నేను కొట్టేదానికీ అక్కడ కనపడేదానికీ పొంతన లేదు. చెయ్యి తిరగట్లేదు, చూపు ఆనట్లేదు. వయసైపోయింది.” అక్క వెంటనే, “విశాఖ తీసుకెళ్లి కళ్లు కూడా చూపించానురా, అద్దాలు మార్చారు, అయినా అంతే” అంది.

తర్వాతి ఆదివారం నేను రాజాం బస్సెక్కాను.

ఆ గది ఇప్పటికీ నా కళ్ల ముందుంది. పచ్చ మ్యాట్ మీద బంతి పెట్టారు. లాంచ్ మానిటర్‌లోని రాడార్‌కి గింగిరాలు తెలియడానికి బంతి మీద చిన్న వెండి చుక్క అంటిస్తారు, ఆ చుక్కని గోటితో ఒత్తి సరిచూసుకున్నారు. మోకాలు జాగ్రత్తగా వంచి కొట్టారు. ధప్‌మని తెరకు తగిలింది. తెర మీద బంతి మాత్రం ఉన్నచోటే ఉంది. కాసేపటికి గాల్లో ఒకచోట కనిపించింది. తర్వాత ఇంకోచోట. తర్వాత గడ్డి మీద ఆగి ఉంది. మధ్యలో ప్రయాణమే లేదు. ఆయన బంతి వైపు చూడటం లేదు, తన చేతుల వైపు చూసుకుంటున్నారు.

ఆ ఆట నడుస్తుండగానే, కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ తొమ్మిది శాతం. గ్రాఫిక్స్ వంద శాతం. అంత గోడ మీద ఆ రెండు అంకెలూ అక్షరాలా అడుగేసి ఎత్తున కనిపించాయి. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి పడుకుని నెమరేస్తుంటే రెండోది ఒక్కటే నాగలి లాగుతోంది.

బొమ్మని ఎక్కువ చుక్కలుండే 4కె నుంచి తక్కువ చుక్కలుండే 1080కి తగ్గించాను. “ఇప్పుడు కొట్టండి బావా” అన్నాను. కొట్టారు. బంతి లేచింది, చెట్ల మీదుగా వంగింది, దిగింది. మెత్తగా, నీళ్లలా. మా బావ కర్ర మ్యాట్ మీద ఆనించి, “అయితే నా చెయ్యి కాదన్నమాట” అన్నారు.

నేను బయటికి వచ్చి నూతి గట్టు మీద కూర్చున్నాను. చాలాసేపు లోపలికి వెళ్లలేకపోయాను. పెద్దాయన ఎనిమిది నెలలు తన చేతుల్ని, తన కళ్లని అనుమానించారు. కారణం నేను అడగని ఒక్క ప్రశ్న. పిల్లలూ, మిషన్ సరిగా కుదరకపోతే కస్టమర్ మిషన్‌ని తిట్టడు. చాలామంది తమకే చేతకాదనుకుంటారు. మా అమ్మ వయసువాళ్లు, చదువు తక్కువైనవాళ్లు మరీను. నోరు తెరిచి అడగరు. మీరే అడగాలి.

క్యాబినెట్ పక్క రేకు విప్పితే లోపల జీటీఎక్స్ 1650 ఉంది. 4 జీబీ మెమరీ. ఆ కార్డు చెడ్డది కాదు, మామూలు మానిటర్ మీద మామూలు పనికి బాగానే ఉంటుంది. కానీ బావది 4కె ప్రొజెక్టర్. లెక్క చూడండి. 1080 బొమ్మలో చుక్కలు 20 లక్షల 73 వేలు. 4కెలో 82 లక్షల 94 వేలు. సరిగ్గా నాలుగింతలు. సెకనుకి అరవై బొమ్మలంటే దాదాపు 50 కోట్ల చుక్కలు. ఐ9 కాదు, దాని తాత వచ్చినా ఆ చుక్కలు గీయదు.

మనకి దగ్గర్లోనే బొబ్బిలి ఉంది. గొల్లపల్లిలో ఒకే పనస దుంగలో వీణ తొలుస్తారు. దుంగ చూడకుండా అక్కడ ఎవరూ ఉలి పట్టరు. మనం మాత్రం గది చూడకుండా కొటేషన్ ఇస్తాం. గోడ కొలవాలి. ప్రొజెక్టర్ 1080నా, 4కెనా తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ పేరు అడగాలి. గోల్ఫ్ సాఫ్ట్‌వేర్ జీఎస్‌ప్రో అయితే విండోస్ మీదే నడుస్తుంది, ఆపిల్ కంప్యూటర్ కొనేస్తే అంతే సంగతులు. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాయం చేసి, ఆ కార్డు లాగే కరెంటుకి తగ్గ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె, వేసి, మిగిలిన డబ్బుతో తక్కినవి చూడాలి. 1080 తెరకి ఆర్‌టీఎక్స్ 3060 లాంటిది హాయిగా సరిపోతుంది. ప్రాసెసర్ ఐ5 గానీ రైజెన్ 5 గానీ చాలు, ర్యామ్ 16 జీబీ చాలు. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మాత్రం 1 టీబీ పెట్టండి, ఒక్కో గోల్ఫ్ మైదానం డౌన్‌లోడ్ చేసుకుంటూ పోతే అదే నిండిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ అన్నాను కదా, అక్కడే ఇంకో కథ. బావ కోసం ఆర్‌టీఎక్స్ 4070 తెచ్చాను. అది 200 వాట్లు లాగుతుంది. పాత కార్డు 75 వాట్లతో బోర్డు నుంచే బతికేసేది. లోపల ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కి కార్డుకి ఇవ్వాల్సిన పవర్ కేబులే లేదు. పైన కంపెనీ పేరు కూడా లేదు. 1 లక్షా 80 వేల మిషన్‌కి పేరు లేని ఎస్‌ఎంపీఎస్! బిల్లు తీయించాను. ‘అసెంబుల్డ్ కంప్యూటర్ – 1’ అని ఒక్క లైను ఉంది. ఏ కార్డో లేదు, ఏ బోర్డో లేదు, సీరియల్ నంబరు లేదు. కొట్టుకి వెళ్తే, “మీరు అడిగిందే ఇచ్చాం సార్, ఐ9 అడిగారు, ఇచ్చాం” అన్నాడు. అడిగింది నిజమే, అడగమన్నది నేను. కానీ 4కె ప్రొజెక్టర్ సంగతి బావ వాళ్లకి చెప్పారు, ఫొటో కూడా చూపించారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

అందుకే దండం పెట్టి అడుగుతున్నాను. రేపు మీలో ఎవరు కొట్టు పెట్టినా, ఎవరి దగ్గర పనికి చేరినా, బిల్లులో ప్రతి పార్టు పేరూ, మోడలూ, సీరియల్ నంబరూ రాయండి. ఓనరు వద్దంటే చీటీ మీద రాసి కస్టమర్ చేతిలో పెట్టండి. ఇక్కడున్న తల్లిదండ్రులూ అలాంటి బిల్లే అడగండి. మళ్లీ చెబుతున్నాను, ప్రతి పార్టు పేరూ.

ల్యాప్‌టాప్ చాలదా అని అక్కడెవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ల్యాప్‌టాప్‌లో కార్డుకి అదే పేరుంటుంది గానీ దానికిచ్చే వాట్లు తక్కువ, పని తక్కువ. మన మే నెలలో, పెంకుటింట్లో, అది వేడెక్కి ఇంకా తగ్గిపోతుంది. 1080కి మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ సరిపోవచ్చు, వాట్లు చూసి కొనండి.

కార్డు మార్చాక కూడా పని అవలేదు. తెర ఉండుండి నల్లబడేది. కంప్యూటర్ నుంచి పైకప్పు ప్రొజెక్టర్‌కి 12 మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు. మామూలు రాగి వైరు అంత దూరం 4కెని మోయలేక తడబడుతుంది. ఆప్టికల్ వైరు వేశాను. దానికి రెండు కొసలూ వేరు, ఒకదాని మీద సోర్స్, ఇంకోదాని మీద డిస్‌ప్లే అని ఉంటుంది. తిరగేస్తే బొమ్మే రాదు. ఇంకోటి, బావ దగ్గరున్న లాంచ్ మానిటర్, మేవో ప్లస్, తన వైఫై తనే పెట్టుకుంటుంది, కంప్యూటర్ దానికి కలిస్తే ఇంటర్నెట్ పోతుంది. ఇంటర్నెట్‌కి విడిగా ల్యాన్ వైరు లాగాను. ఇంకా ఒక మాట ముందే చెప్పేయాలి. కొట్టాక లెక్క కట్టడానికి లాంచ్ మానిటర్‌కి కాస్త సమయం పడుతుంది. ఆ చిన్న ఆలస్యం ఎంత ఖరీదైన కార్డు వేసినా పోదు. చెప్పకపోతే మళ్లీ తన చెయ్యే అనుకుంటారు.

కరెంటు సంగతి మనవాళ్లకి నేను చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. ఆ రెండు సార్లూ నెల రోజులు నా కొట్టు ముందు తడిసిన సీపీయూలు విప్పి ఎండబెట్టాం. ఎర్తింగ్ లేని ఇళ్ల మిషన్లే ఎక్కువ పోయాయి. కాబట్టి ఎర్తింగ్ చూడకుండా ప్లగ్ పెట్టకండి. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లే ఇస్తుంది. ఇలాంటి మిషన్‌కి, ప్రొజెక్టర్‌కి కలిపి అది చాలదు, 1500 వీఏ అయినా పెట్టండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. ఉపాధి కాగితాలు ఆఫీసులో ఇచ్చి వెళ్తాను, కావలసినవాళ్లు జిరాక్స్ తీసుకోండి.

పొద్దున్న బావ ఫోన్ చేసింది ఎందుకంటే, ఈ బ్యాచ్ పిల్లల్ని ఒక ఆదివారం తీసుకురమ్మని. క్యాబినెట్ తనే విప్పి చూపిస్తారట. చీపురుపల్లి మీదుగా రాజాం బస్సు ఎక్కితే దింపమన్న చోట దింపుతారు. వచ్చేవాళ్లు ఈ సభ అయ్యాక పేర్లు రాయించండి, ఎంతమందికి వండాలో మా అక్కకి సాయంత్రంలోగా చెప్పాలి. టేపు ఒకటి తెచ్చుకోండి. ఆ గది గోడ మీరే కొలుస్తారు.