షాపులో మెరూన్, గుమ్మంలో ఇంకో రంగు: లైట్లకి స్పెక్ ఎలా రాయాలి?

హాయ్ అండి, బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పట్టుచీరల షాపులో ఇది చూసే ఉంటారు, కుర్రాడు తెల్ల పరుపు మీద మెరూన్ చీర పరుస్తాడు, పెద్దావిడ కొంగు పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళి "ఏటి బాబూ, లోపల మట్టి రంగులా ఉంది, ఇక్కడ ఎర్రగా కొడతంది" అంటాది. ఓనర్ వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంకో నాలుగు లైట్లు వేయించేస్తాడు. డబ్బులు దండగ!

ఎందుకంటే కన్ను మీటర్‌లా లెక్కపెట్టదు. పున్నమి వెన్నెల అర లక్స్ (ఒక చోట పడే వెలుగుని కొలిచే లెక్క) కూడా ఉండదు, మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, రెండిట్లోనూ మనకి దారి కనిపిస్తుంది కదా, అంత తేడాని కన్ను బాగా కుదించేసి చూపిస్తుందన్నమాట. స్టీవెన్స్ అనే సైకాలజిస్టు లెక్క ప్రకారం వెలుగు రెట్టింపయినట్టు అనిపించాలంటే సుమారు 8 రెట్లు కాంతి కావాలి. ఎనిమిది లైట్లకి నాలుగు కలిపితే కరెంటు బిల్లుకి బాగా తెలుస్తుంది, కంటికి పెద్దగా తెలీదు.

[స్క్రీన్ మీద: ఒకే చీర, రెండు రకాల లైట్ల కింద]

అసలు గొడవ రంగుది. లైటు పెట్టె మీద సీఆర్ఐ 80 అని ఉంటుంది చూడండి, ఆ లైటు కింద రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే మార్కు అది, నూటికి, 8 లేత రంగుల సగటు, అందులో ముదురు ఎరుపు లేనే లేదు. దాని మార్కు వేరు, ఆర్9 అంటారు. సీఆర్ఐ 80 ఉన్న లైటుకి ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు, మైనస్‌లోకి కూడా పోవచ్చు, ఇంక మెరూన్ మట్టి రంగులా కనిపించక ఏమవుతుంది?

ఇప్పుడు స్పెక్‌కి, అంటే ఎలాంటి లైటు కావాలో కాంట్రాక్టర్‌కి రాసిచ్చే కాగితానికి వద్దాం. మన దగ్గర ఎలా రాస్తారంటే, "20 వాట్ల ఎల్ఈడీ, మంచి కంపెనీ, లేదా సమానమైనది". దేంట్లో సమానం? వాట్లలోనా, రేటులోనా? వాట్లంటే లైటు తినే కరెంటు, అది ఇచ్చే వెలుగు కాదండి బాబూ. కాంట్రాక్టర్ చవకది బిగించి పోయినా మీరేం అనలేరు.

నేనైతే ఇలా రాస్తాను: చీర పరిచే పరుపు మీద కొలిస్తే 750 లక్స్, అది కూడా బిగించిన రోజు లెక్క కాదు, దుమ్ము పట్టి ఎల్ఈడీ కాస్త డల్ అయ్యాక కూడా ఉండాలి. తెలుపు పసుపు వైపా నీలం వైపా అని చెప్పే అంకె 4000 కెల్విన్. సీఆర్ఐ 90కి తగ్గకూడదు, ఆర్9 50కి తగ్గకూడదు. లైటుకీ లైటుకీ తెలుపులో తేడా 3 ఎస్‌డీసీఎం (ఆ తేడాని కొలిచే లెక్క) లోపు, లేకపోతే వరసలో ఒకటి పసుపు ఒకటి గులాబీ కొడతాయి. ఫ్లికర్ లేని, అంటే వెలుగు వణకనివ్వని డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు అందించే భాగం).

ఆ "సమానమైనది" అన్న మాట ఉంచాలంటే ఉంచండి, కానీ పక్కనే "పై అంకెలన్నిట్లోనూ, టెస్ట్ రిపోర్టుతో" అని కలపండి. ఆర్డర్ పెట్టే ముందు ఒక శాంపిల్ తెప్పించి, షాపులో ఉన్న అన్నిటికంటే ముదురు ఎరుపు చీర దాని కింద పరిచి చూడండి, నచ్చితేనే మిగతావి. స్పేర్ లైట్లు కూడా అదే బ్యాచ్‌లో ఇప్పుడే తీసుకోండి, తర్వాత అడిగితే ఆ తెలుపు దొరకదు.