ఆస్టిన్ సీటు కావాలా? అయితే పదికి పది రేటింగు ఉన్న స్కూలు వద్దు!

డాలస్ చుట్టుపక్కల ఇల్లు వెతుకుతున్న తెలుగువాళ్ళు ఈ వీడియో చూసి నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. పదికి పది రేటింగు ఉన్న స్కూలు కోసం అప్పు మీద అప్పు చేసి మీరు కొన్న ఆ ఇల్లే మీ అమ్మాయికి యూటీ ఆస్టిన్‌లో, అంటే ఆస్టిన్‌లోని టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో, సీటు రాకుండా చేస్తోంది. అవునండీ, ఆ ఇల్లే!

2024 సెప్టెంబరు నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. 2026లో చేరే పిల్లలకు ఆటోమేటిక్ అడ్మిషన్ గీతను, అంటే క్లాసులో మొదటి ఎంత శాతం మందికి నేరుగా సీటు ఇస్తారన్న హద్దును, యూటీ ఆస్టిన్ 6 శాతం నుంచి 5 శాతానికి బిగించింది. అన్యాయం, దారుణం అని అందరూ ఆ ఒక్క శాతం కోసమే ఏడుస్తున్నారు. ఆ శాతాన్ని లెక్కగట్టేది రాష్ట్రం మొత్తం మీద కాదు, ఏ స్కూలు పిల్లలను ఆ స్కూల్లోనే. ఆ సంగతి మాత్రం ఒక్కరికీ పట్టదు. సీనియర్ క్లాసులో, అంటే పన్నెండో తరగతిలో, 600 మంది ఉంటే మొదటి 30 మందికి సీటు ఖాయం. 31వ ర్యాంకు వచ్చిన పిల్ల ఎంత తెలివైనదైనా సరే, మిగతా అందరితో కలిసి అప్లికేషన్ పెట్టుకుని దేవుడికి దండం పెట్టుకోవాలి.

మనకు ఇది ఎందుకు తలకెక్కదో చెప్పనా? మనం జేఈఈ, ఎంసెట్ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళం. జేఈఈకి దేశం మొత్తానికి ఒకటే ర్యాంకుల జాబితా. విజయవాడ హాస్టల్లో పక్క మంచం మీద పడుకున్నవాడు ఎంత చురుకైనవాడైతే మనకు అంత లాభం. వాడిని చూసి మనం ఇంకో నాలుగు లెక్కలు చేస్తాం. వాడికి మంచి ర్యాంకు వస్తే లక్షల మందిలో ఒక్కడు మనకంటే ముందుకు వెళ్ళాడంతే. అందుకే మన నాన్నలు ఎక్కడ ర్యాంకులు వస్తే అక్కడ చేర్పించారు. అక్కడ అది సరైన లెక్కే. ఆ లెక్కనే మనం విమానమెక్కించి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకు, ప్లేనోకు తెచ్చుకున్నాం. ఇక్కడ ఆ పక్కవాడు ఒక మెట్టు ఎక్కితే మీ పిల్ల ఒక మెట్టు దిగుతుంది. పైగా ఆ పక్కవాడు కూడా మనవాడే, వాళ్ళ నాన్న కూడా ఆ రేటింగు చూసే ఇల్లు కొన్నాడు!

అబిగైల్ ఫిషర్ కేసు గుర్తుందా? హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌కు చెందిన తెల్లజాతి అమ్మాయి. 2008లో ఆస్టిన్ సీటు రాలేదని కోర్టుకెక్కింది. కేసు రెండుసార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2016లో ఓడిపోయింది. జాతి ప్రాతిపదికన అడ్మిషన్లు న్యాయమా కాదా అని దేశమంతా కొట్టుకుంది. ఆమె ర్యాంకు ఎవరైనా చూశారా? 674 మందిలో 82. అప్పట్లో గీత 10 శాతం, అంటే 67. పదిహేను ర్యాంకుల దూరంలో ఆగిపోయింది. నన్నడిగితే ఆమెను ముంచింది జాతి కాదు, జిప్ కోడు. అంత పోటీ లేని చిన్న ఊరి స్కూల్లో చదివి ఉంటే కోర్టు మెట్లు ఎక్కే పనే ఉండేది కాదు. ఇప్పటి 5 శాతం లెక్కన ఆ క్లాసులో గీత 33 దగ్గర పడుతుంది.

చట్టం మీద నాకు కోపం లేదు, ముందే చెబుతున్నాను. అడ్మిషన్లలో జాతిని చూడకూడదని 1996లో కోర్టు అంటే, 1997లో టెక్సస్ శాసనసభ ఈ పద్ధతి తెచ్చింది. పల్లె స్కూళ్ళకు, పేద స్కూళ్ళకు ఆస్టిన్ తలుపు తీయడమే దాని పని. ఆ పని చేస్తోంది. దీని గుట్టు పట్టినవాళ్ళు అప్పుడే పట్టారు. పోటీ ఎక్కువగా ఉన్న మాగ్నెట్ స్కూలు (ఊరంతటి నుంచీ పిల్లలను ఎంచి చేర్చుకునే ప్రత్యేక ప్రభుత్వ బడి) వద్దనుకుని, ఇంటి పక్క స్కూల్లోనే ఉండిపోయిన పిల్లలున్నారని ఆర్థికవేత్తలు లెక్కలు తీసి చూపించారు.

మొన్న ఒకాయన నాకు ఎక్సెల్ షీటు చూపించాడు. కూతురు తొమ్మిదో తరగతి. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. ఏపీ క్లాసుకు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి పాఠాల క్లాసు) ఇచ్చే అదనపు పాయింటు ఆర్కెస్ట్రాకు ఉండదు. అందుకని నూటికి నూరు వచ్చినా ఆ క్లాసు సగటును కిందికే లాగుతుంది. షీటులో ఆ గడికి ఎర్ర రంగు పూశాడు. “వయొలిన్ మాన్పించేద్దామా అండీ?” అని నన్నడుగుతున్నాడు! పద్నాలుగేళ్ళ పిల్ల ఏ వాయిద్యం వాయించాలో దశాంశ బిందువు తర్వాతి అంకె చెప్పాలా? ఇదేనా మీరు డబ్బు పోసి కొన్న వాతావరణం?

“మంచి స్కూల్లో చదువు బాగుంటుంది కదా” అంటారు. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో పరీక్ష పెట్టి చేర్చుకునే పేరుమోసిన హైస్కూళ్ళున్నాయి. వాటిలో బొటాబొటి మార్కులతో చేరినవాళ్ళనూ, వెంట్రుకవాసిలో తప్పిపోయినవాళ్ళనూ పోల్చి చూశారు. 2014లో వచ్చిన పరిశోధనలవి. తర్వాతి మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు!

“మాకు ఆస్టిన్ వద్దు, ప్రైవేటు యూనివర్సిటీలు కావాలి” అంటారా? అక్కడా అంతే. అలాంటి మూడు యూనివర్సిటీల అప్లికేషన్లను పరిశీలించి 2005లో ఒక వ్యాసం రాశారు. తెలివైన పిల్లలు కిక్కిరిసిన స్కూలు నుంచి వస్తే, అదే విద్యార్థికి అవకాశం తగ్గుతుందని తేలింది. స్కూలు పేరు కొంత ఆదుకుంటుంది, కాదనను. ఆ పేరుకు మీరెంత కడుతున్నారన్నదే నా గొడవ.

కంప్యూటర్ సైన్స్ సంగతి కూడా అడుగుతారు, తెలుసు. 5 శాతంలో ఉన్నా ఆ మేజర్‌కు గ్యారంటీ లేదు, నిజమే. కానీ 31వ ర్యాంకు పిల్లకు మేజర్ మాట అటుంచి, అసలు యూనివర్సిటీకే గ్యారంటీ లేదు కదండీ!

రేటింగు చెప్పి ఇల్లు అమ్మే ఏజెంటును ఈసారి ఒక్క ప్రశ్న అడగండి. కిందటేడు ఆ స్కూల్లో 5 శాతం గీత ఎంత జీపీఏ దగ్గర ఆగింది? గ్రానైట్ కౌంటరు గురించి గంటసేపు చెప్పే మనిషి అక్కడ నీళ్ళు నములుతాడు. ఇక కామెంట్లలో తిట్టదలచుకున్నవాళ్ళకు ఒకటే షరతు: మీ పిల్లల క్లాసులో ఎంతమంది ఉన్నారో, ఎన్నో ర్యాంకు దగ్గర గీత పడిందో రాసి అప్పుడు తిట్టండి. ఫ్రిస్కో వాళ్ళు ముందు!