వార్డ్ పంపిన కబురు

అందరికీ నమస్కారం.

హవాయి దీవుల్లోని అమెరికా నౌకా స్థావరం పెరల్ హార్బర్ అనగానే మనకు మండిపోతున్న యుద్ధనౌకలు, వాటి మీద జపాన్ విమానాలు గుర్తొస్తాయి. 1941 డిసెంబర్ 7న ఉదయం 7.55కి అక్కడ బాంబుల వర్షం మొదలైందని చదువుకున్నాం. అంతకు గంటా పది నిమిషాల ముందే ఆ రేవు గుమ్మంలో ఒక ఫిరంగి పేలింది. పేల్చింది అమెరికా వాళ్లే. వార్డ్ అనే పాత డిస్ట్రాయర్ మీద నుంచి. ఈ రోజు ఆ ఓడ గురించి మాట్లాడతాను.

వార్డ్ 1918లో కాలిఫోర్నియాలోని మేర్ ఐలాండ్ నేవీ యార్డులో తయారైంది. మే 15న పని మొదలుపెట్టి జూన్ 1న నీళ్లలోకి దించారు. అంటే పదిహేడున్నర రోజులు! మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు ఓడల్ని వరసగా ముంచేస్తుంటే, వాటిని వేటాడే డిస్ట్రాయర్లు ఎన్ని ఉన్నా చాలని రోజులవి. చాలా భాగాలు ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మాట నిజమే. అయినా 314 అడుగుల ఓడను అంత తొందరగా నిలబెట్టిన కార్మికుల చేతులకు దండం పెట్టాలి. ముందు నుంచి వెనక దాకా ఒకే మట్టంలో ఉండే డెక్కు, వరసగా నాలుగు పొగగొట్టాలు, నాలుగు అంగుళాల ఫిరంగులు నాలుగు, పన్నెండు టార్పెడో గొట్టాలు. అదీ దాని రూపం.

ఇంత హడావిడి చేసి కట్టాక, ఆ నవంబర్‌లోనే యుద్ధం అయిపోయింది. 1921లో వార్డ్‌ను సేవ నుంచి తప్పించి పక్కన పెట్టేశారు. ఇరవై ఏళ్లు అలా ఉండిపోయింది. మళ్లీ యుద్ధం ముంచుకొస్తోందని తెలిసి 1941 జనవరిలో బయటికి తీశారు. ఎక్కిన నావికుల్లో చాలామంది మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నుంచి వచ్చిన రిజర్వు వాళ్లు. సముద్రానికి ఎంతో దూరంలో పెరిగిన కుర్రాళ్లు. పాత ఓడ, కొత్త మనుషులు. వాళ్లకు అప్పగించిన పని పెరల్ హార్బర్ వాకిట్లో కాపలా తిరగడం.

డిసెంబర్ 5న లెఫ్టినెంట్ విలియం ఔటర్‌బ్రిడ్జ్ కెప్టెన్‌గా వచ్చారు. ఒక నౌకకు నాయకత్వం వహించడం ఆయనకు అదే మొదటిసారి. 7వ తేదీ తెల్లవారుజామున 3.57కి సముద్రంలోని మందుపాతరలు ఏరివేసే కాండర్ అనే మైన్‌స్వీపర్ నౌక నుంచి లైటు సిగ్నల్ వచ్చింది: పెరిస్కోప్ లాంటిది కనిపించిందని. వార్డ్ చాలాసేపు వెతికింది. ఏమీ దొరకలేదు. కెప్టెన్ మళ్లీ వెళ్లి పడుకున్నారు.

ఆరున్నర దాటాక అంటారెస్ అనే సరఫరా నౌక రేవు వైపు వస్తోంది. దాని వెనకాలే నీళ్ల మీద ఒక చిన్న కానింగ్ టవర్, అంటే సబ్‌మెరైన్ పైభాగాన ఉండే బురుజు, కదులుతోంది. రేవు తలుపు ఎటూ తెరుస్తారు కదా, ఆ నౌక వెంటే లోపలికి జారుకోవాలని ఆ సబ్‌మెరైన్ ఎత్తు. ఔటర్‌బ్రిడ్జ్ తటపటాయించలేదు. 6.45కి ఒకటో నంబరు ఫిరంగి పేలింది, గుండు పైనుంచి వెళ్లిపోయింది. మూడో నంబరు ఫిరంగి పేలేటప్పటికి సబ్‌మెరైన్ వంద గజాల లోపే ఉంది. గుండు సరిగ్గా కానింగ్ టవర్ మొదట్లో తగిలింది. వెంటనే డెప్త్ చార్జీలు, అంటే నీటి లోతున పేలే బాంబులు, కూడా వదిలారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించే విషయం ఇదే. ఔటర్‌బ్రిడ్జ్ మొదట పంపిన కబురులో డెప్త్ చార్జీలు వేశామని మాత్రమే ఉంది. పంపాక ఆయనకు అది చాలదనిపించింది. డెప్త్ చార్జీ ఎవరైనా వేస్తారు, నీటి కింద ఏదో చప్పుడు వినిపించినా వేస్తారు, తిమింగలం మీద కూడా వేస్తారు. ఫిరంగి మాత్రం కళ్లకు కనిపించినదాని మీదే పేలుస్తారు. అందుకే 6.53కి ఇంకో కబురు పంపారు: సబ్‌మెరైన్ మీద దాడి చేశాం, కాల్పులు జరిపాం, డెప్త్ చార్జీలు వేశాం అని. కాల్పులు అన్న ఒక్క మాటలో, మేము కళ్లారా చూశాం అన్న సాక్ష్యం పెట్టారాయన.

ఒడ్డున ఆ మాట బరువు తెలియలేదు. డీకోడ్ చేయడం, ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు, ఇంకోసారి కనుక్కోండి అనడం. అమెరికా పసిఫిక్ నౌకాదళ అధిపతి అడ్మిరల్ కిమ్మెల్‌కు విషయం చేరేసరికి దాదాపు 7.40 అయింది. అంతకుముందు తప్పుడు కబుర్లు చాలా వచ్చాయి కాబట్టి వాళ్లను పూర్తిగా తప్పుపట్టను. కానీ ఆ రోజు చనిపోయిన 2,403 మందిని తలుచుకుంటే ఆ గంట కోసం మనసు కొట్టుకుంటుంది.

తర్వాత వార్డ్ రూపం మారింది. 1943లో దాన్ని సైనికుల్ని మోసే వేగవంతమైన రవాణా నౌకగా మార్చారు. నాలుగు పొగగొట్టాలు రెండయ్యాయి, పక్కన దిగుడు పడవలు చేరాయి. న్యూగినీ తీరాల్లో ఎన్నోచోట్ల సైనికుల్ని దించింది. 1944 డిసెంబర్ 7న ఫిలిప్పీన్స్‌లోని ఆర్మాక్ అఖాతంలో ఒక జపాన్ విమానం వచ్చి ఓడ నడుముకి గుద్దుకుంది. సరిగ్గా మూడేళ్లకు, అదే తేదీన. మంటలు అదుపులోకి రాలేదు. నావికులు ప్రాణాలతో బయటపడ్డారు. కాలుతున్న ఓడను ముంచేయమని ఓబ్రయన్ అనే డిస్ట్రాయర్‌కు ఆదేశం వచ్చింది. ఓబ్రయన్ కెప్టెన్ ఎవరో తెలుసా? విలియం ఔటర్‌బ్రిడ్జ్. తన మొదటి ఓడ మీద తానే కాల్పులు జరిపించాల్సి వచ్చింది.

ఆ మూడో నంబరు ఫిరంగిని మాత్రం ముందే ఓడ నుంచి దించేశారు కాబట్టి మిగిలింది. 1958 నుంచి సెయింట్ పాల్‌లో, మిన్నెసోటా శాసనసభ భవనం ఆవరణలో ఉంది. నిజంగా సబ్‌మెరైన్‌ను కొట్టారా అని సందేహపడినవాళ్లు అప్పటికీ ఉన్నారు. సాక్ష్యం సముద్రం అడుగున ఉంది మరి. 2002 ఆగస్టులో హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు పెరల్ హార్బర్‌కు కొన్ని మైళ్ల దూరంలో, సుమారు 400 మీటర్ల లోతున దాన్ని చూశారు. 78 అడుగుల చిన్న సబ్‌మెరైన్. రెండు టార్పెడోలూ వాడకుండా ముక్కులోనే ఉన్నాయి. కానింగ్ టవర్ మొదట్లో, కుడిపక్కన, ఫిరంగి గుండు చేసిన రంధ్రం ఉంది. లోపల కూర్చున్న ఆ ఇద్దరు జపాన్ నావికులు ఇంకా అందులోనే ఉన్నారని భావిస్తారు.