ముక్కు వాలకముందే

శ్రోతలకు నమస్కారం.

ఈసారి విమానంలో మీకు రెక్క పక్కన కిటికీ సీటు దొరికితే ఒక పని చేయండి. ఫోన్ లోపల పెట్టేసి, ఓ పది నిమిషాలు రెక్క వెనక అంచును చూస్తూ కూర్చోండి. చివరి వైపు ఓ సన్నటి పలక ఉంటుంది. అది కాస్త పైకి లేస్తుంది, కాస్త కిందికి దిగుతుంది. ఎండ కాస్తున్నా, కుదుపు లేకున్నా, అది మాత్రం ఊరికే ఉండదు. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె జారింది. స్క్రూ ఏదో వదులైందనుకున్నాను. పక్క సీటాయన్ని అడగడానికి సిగ్గేసి, గంటసేపు టెన్షన్‌తో దాన్నే చూస్తూ కూర్చున్నాను.

దాని పేరు ఎయిలరాన్. ఎడమ రెక్క మీద అది పైకి లేస్తే ఆ రెక్క కిందికి వాలుతుంది. తోక దగ్గర ఎలివేటర్ ఉంటుంది, అది ముక్కును పైకీ కిందికీ ఆడిస్తుంది. నిలువుగా ఉండే రడ్డర్ ముక్కును పక్కలకు తిప్పుతుంది. విమానాన్ని నడపడమంటే ప్రధానంగా ఈ మూడే. 1903లో రైట్ సోదరులు ఎగిరినప్పుడూ ఈ మూడే. కాకపోతే ఎయిలరాన్ బదులు వాళ్లు రెక్కనే మెలితిప్పేవారు.

మరి ఆ పలక ఎందుకు కదులుతోంది? విమానం తిన్నగా పోతోందని మనం అనుకుంటాం గానీ, అది తిన్నగా పోవడం లేదు. కాస్త తప్పుతోంది, దిద్దుకుంటోంది. మళ్లీ తప్పుతోంది, మళ్లీ దిద్దుకుంటోంది. ఎంత వాలిందో గైరోస్కోప్ చెబుతుంది, ఎంత దిద్దాలో ఆటోపైలట్ లెక్కేస్తుంది, పలక కదులుతుంది. 1914లోనే లారెన్స్ స్పెర్రీ అనే కుర్రాడు పారిస్‌లో జనం ముందు దీన్ని చేసి చూపించాడు. ఎగురుతున్న విమానంలో రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాడు. మెకానిక్ ఏకంగా రెక్క మీదికి నడిచి వెళ్లాడు. ఆ బరువుకు వాలబోయిన విమానం దానంతట అదే సర్దుకుంది.

తప్పు జరిగిన కబురు ఎంత త్వరగా తిరిగొస్తుంది? నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కబురు ఆలస్యమైతే ఏమవుతుందో స్నానాల గదిలో మనందరికీ అనుభవమే. నీళ్లు చల్లగా ఉన్నాయని వేడి కుళాయి తిప్పుతాం. రాలేదని ఇంకా తిప్పుతాం. ఒక్కసారిగా ఒళ్లు కాలేలా వస్తాయి. గాభరాగా కట్టేస్తాం. మళ్లీ వణుకు. పైలట్లకూ ఇదే బెడద ఉంది. విమానం స్పందించేలోపే ఇంకాస్త లాగడం, అది ఎక్కువైందని వెనక్కి తోయడం, అదీ ఎక్కువవడం. విమానం ఊగిపోతుంది. ఊపుతున్నది గాలి కాదు, దిద్దుతున్న చెయ్యే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి చెబుతాను. ఇష్టమైనదంటే సుఖాంతమని కాదు.

1989 జూలై 19. అమెరికాలో డెన్వర్ నుంచి షికాగోకు యునైటెడ్ 232 విమానం వెళ్తోంది. డీసీ-10 రకం, మూడు ఇంజన్లు, లోపల 296 మంది. 37 వేల అడుగుల ఎత్తులో తోకలోని ఇంజన్ పేలిపోయింది. ఒక ఇంజన్ పోయినా ఫర్వాలేదు, మిగతా రెండూ చాలు. అసలు నష్టం వేరే జరిగింది. ఎయిలరాన్లనూ ఎలివేటర్‌నూ రడ్డర్‌నూ కదిలించేది హైడ్రాలిక్ ద్రవం, అంటే గొట్టాల్లో ఒత్తిడితో పారే నూనె. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని దానికి మూడు వేర్వేరు వ్యవస్థలు పెట్టారు. ఆ మూడింటి గొట్టాలూ తోకలో ఆ ఇంజన్ దగ్గరికే చేరతాయి. ఎగిరొచ్చిన ముక్కలు మూడింటినీ దెబ్బతీశాయి. పేరుకు మూడు. దెబ్బ తగిలే చోట మాత్రం ఒక్కటే.

కెప్టెన్ ఆల్ హేన్స్ స్టీరింగ్ తిప్పుతున్నాడు, విమానం వినడం లేదు. కుడివైపుకు ఒరిగిపోతోంది. ఎడమ ఇంజన్ తగ్గించి, కుడి ఇంజన్ పెంచితే ఆ ఒరగడం ఆగింది. ఇక చేతిలో మిగిలినవి రెండే, ఆ రెండు ఇంజన్ల థ్రోటిళ్లు, అంటే ఇంజన్ బలాన్ని పెంచే, తగ్గించే పిడులు.

అంతలో క్యాబిన్ నుంచి కబురు. ప్రయాణికుల్లో డెన్నీ ఫిచ్ అనే పైలట్ ఉన్నాడు, ఆ రోజు ఆయన డ్యూటీలో లేడు, ఇదే రకం విమానం మీద శిక్షణ ఇచ్చేవాడు. సాయం చేస్తానంటున్నాడు. హేన్స్ రమ్మన్నాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే కెప్టెన్లు విమానయానంలో చాలామందే ఉండేవారు. 1977లో టెనెరిఫ్ దీవిలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద ఒక విమానం పరుగు మొదలుపెట్టింది. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ తోసిపుచ్చాడు. రెండు విమానాలు ఢీకొని 583 మంది పోయారు. అలాంటి దెబ్బలు తిన్నాకే కాక్‌పిట్‌లో అందరూ నోరు విప్పాలని, కెప్టెన్ వినాలని శిక్షణ పెట్టారు. హేన్స్ ఆ శిక్షణ పొందినవాడు. తర్వాత ఎక్కడ మాట్లాడినా దాని గురించే చెప్పేవాడు.

ఫిచ్ పైలట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, చేతికొక థ్రోటిల్ పట్టుకున్నాడు. విమానం పెద్ద అలలాగా లేస్తూ పడుతూ పోతోంది. ముక్కు వాలితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ముక్కు లేస్తుంది. ముక్కు లేస్తే వేగం తగ్గి మళ్లీ వాలుతుంది. కిందికి పోతూ వేగం పెరుగుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? ఇంజన్ తగ్గిస్తారు. అక్కడ చేయాల్సింది పెంచడం. రెక్కల కింది ఇంజన్ల తోపుకు ముక్కు లేస్తుంది కాబట్టి. పైకి లేచేటప్పుడు తగ్గించాలి. పైగా జెట్ ఇంజన్ వెంటనే పలకదు, కొన్ని సెకన్లు పడుతుంది. అంటే ముక్కు వాలాక దిద్దితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ముక్కు వాలకముందే దిద్దాలి. ఇప్పుడున్నది చూసి కాదు, రాబోయేది చూసి. ఇంజన్ పేలిన 44 నిమిషాలకు సూ సిటీలో నేల తాకారు. దిగేటప్పుడు ఇంజన్లు తగ్గించే వీల్లేదు కాబట్టి మామూలు కంటే చాలా ఎక్కువ వేగం. చివరి క్షణాల్లో కుడి రెక్క వాలి నేలను కొట్టింది. విమానం ముక్కలై మంటలు లేచాయి. 112 మంది పోయారు. 184 మంది బతికారు. తర్వాత అనుభవమున్న పైలట్లతో సిమ్యులేటర్లలో ఇదే ప్రయత్నించి చూశారు. ఆ స్థితిలో క్షేమంగా దింపడం దాదాపు అసాధ్యమని దర్యాప్తులో తేలింది.

ఇది విన్నప్పుడల్లా నాకు సమాజమే గుర్తొస్తుంది. ఈ ఏడు ధర బాగుందని అందరూ ఒకే పంట వేస్తారు. చేతికొచ్చేసరికి ధర పడిపోతుంది. భయపడి మరుసటి ఏడు మానేస్తారు. ధర మళ్లీ ఆకాశానికి. స్నానాల గది కుళాయే ఇది. మూడు కమిటీలు ఉన్నాయి, భయమెందుకంటారు. మూడింటికీ సమాచారం ఇచ్చేది ఒక్కరే అయితే ఆ మూడు గొట్టాలూ ఒకే తోకలో ఉన్నట్టు.

ఇక తప్పు కబురు తెచ్చినవాడి సంగతి. వాడి మీద విరుచుకుపడితే రెండోసారి తెస్తాడా? 1976 నుంచి అమెరికాలో నాసా ఒక ఏర్పాటు నడుపుతోంది. పైలటో, నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలరో తన పొరపాటును తానే రాసి పంపొచ్చు. పేరు బయటపెట్టరు. కావాలని చేసింది కాకపోతే, ప్రమాదం జరగకపోతే, పది రోజుల్లోగా రాసి పంపినవారికి సాధారణంగా శిక్ష మినహాయింపు కూడా ఉంటుంది. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ఆ మాటకొస్తే ఇళ్లలోనూ ఇలాంటిది ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. పరీక్షలో తక్కువ మార్కులొచ్చాయని పిల్లాడు మనకు ఎన్నాళ్లకు చెబుతున్నాడో చూసుకుంటే మన ఇంటి గైరోస్కోప్ ఎలా పనిచేస్తోందో తెలిసిపోతుంది.

టైం తక్కువగా ఉంది. రేపటి నుంచే చేయగలిగింది ఒకటి చెబుతాను. విమానాల్లో దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. కంట్రోలర్ ఎత్తు చెప్పగానే పైలట్ ‘సరే’ అని ఊరుకోడు, విన్న అంకెను తిరిగి పలుకుతాడు. కంట్రోలర్ అది విని, తేడా ఉంటే అప్పటికప్పుడే దిద్దుతాడు. మనమూ అంతే చేయొచ్చు. డాక్టరు మందు మోతాదు చెప్పినప్పుడు, ఎవరైనా ఫోన్‌లో అకౌంట్ నంబర్ చెప్పినప్పుడు, ‘ఆఁ, సరే’ అనకుండా విన్నది తిరిగి చెప్పండి. మా ఇంట్లో మొదలుపెట్టిన కొత్తలో అందరూ నవ్వారు. నాకు చెవుడు వచ్చిందనుకున్నారట.

అద్దం అవతలి నుంచి మా ప్రొడ్యూసర్ రెండు వేళ్లు చూపిస్తున్నారు. నేనూ రెండు వేళ్లు చూపించాను. ఆయన అడ్డంగా తల ఊపుతున్నారు. రెండు నిమిషాలు కాదట, రెండు సెకన్లట. నమస్కారం.