మినీ పెడల్స్: సంచి తేలిక, కాలికి కిరికిరి

(చెన్నై వడపళనిలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో చిత్రీకరించిన చర్చ. పాల్గొన్నవారు: కోడంబాకం స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాయించిన ఒక గిటారిస్ట్, బెంగళూరు–చెన్నై మధ్య తిరిగే ఒక బ్యాండ్ గిటారిస్ట్, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్ దగ్గర ఆంప్లిఫయర్లు, పెడల్స్ బాగుచేసే ఒక మేస్త్రి.)

సమన్వయకర్త: నమస్కారం. బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. రెండూ ఓవర్‌డ్రైవ్ పెడల్సే, అంటే కాలితో నొక్కితే గిటార్ సౌండ్‌ని బొంగురుగా మార్చే పెట్టెలు. ఒకటి ఇటుకలో సగముంది, ఇంకోటి అగ్గిపెట్టెకి పెద్దన్నలా ఉంది. పిట్ట కొంచెం కూత ఘనం అనుకోవచ్చా?

మేస్త్రి: కూత సంగతి సరేనండీ. పిట్టకి జబ్బు చేస్తే ఎవరు చూస్తారో అది కూడా అడగండి.

(నవ్వులు)

సమన్వయకర్త: అక్కడికీ వస్తాం. గురువుగారూ, ముందు కొలతలు చెప్పండి.

స్టూడియో గిటారిస్ట్: పెడల్స్ చేసే బాస్ (Boss) కంపెనీ 1977లో కాంపాక్ట్ పెడల్స్ తెచ్చింది. 73 మిల్లీమీటర్ల వెడల్పు, 129 పొడవు. ఇవాళ్టికీ దాదాపు అదే పెట్టె. మినీ అంటే వెడల్పు 40 దాటీ దాటనట్టుంటుంది, పొడవు 90 చిల్లర. 2010లో షెంజెన్‌లో మొదలైన మూయర్ లాంటి కంపెనీలు వీటిని కుర్రాళ్ల చేతికి అందించాయి. తర్వాత పాతకాపులూ దిగారు. ఐబనెజ్ వాళ్ల ట్యూబ్ స్క్రీమర్ ఓవర్‌డ్రైవ్‌కి మినీ వచ్చింది, గిటార్ చేత ‘వా వా’ అనిపించే డన్‌లప్ క్రై బేబీ వావాకి మినీ వచ్చింది.

సమన్వయకర్త: అంత చిన్నదాంట్లో ఎలా పట్టింది? ఏం తీసేశారు?

మేస్త్రి: మొదట తీసేసింది బ్యాటరీని. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒక్కటే 48 మిల్లీమీటర్ల పొడవు, 26 వెడల్పు. దాన్ని పెడితే ఇంక మిగతావాటికి చోటేదీ? అసలు ఓవర్‌డ్రైవ్ సర్క్యూట్ ఎంతండీ? సిగ్నల్‌ని పెంచే ఆప్ ఆంప్ చిప్పు ఒకటి, రెండు మూడు డయోడ్లు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. పెట్టెని నింపేది నాబులు, జాకులు, కాలి స్విచ్చి. బోర్డు పైనే అతికే, బియ్యపు నూకంత ఎస్సెమ్‌డీ పార్టులొచ్చాక బోర్డు రెండు వేళ్ల వెడల్పైపోయింది.

సమన్వయకర్త: మరి సౌండ్?

బ్యాండ్ గిటారిస్ట్: నాకైతే తేడా తెలియలేదండీ. మా డ్రమ్మర్‌ని మార్చి మార్చి నొక్కమని నేను కళ్లు మూసుకుని వాయించాను. ఏది ఏదో చెప్పలేకపోయాను.

మేస్త్రి: రెసిస్టర్‌కి సైజుతో పనిలేదు. కెపాసిటర్ దగ్గరే కాస్త పేచీ. సిరామిక్‌లో కొన్ని రకాలు వోల్టేజీని బట్టి విలువ మార్చుకుంటాయి, వేలితో తడితే మైకులా టక్కుమంటాయి కూడా. పాత పెద్ద బోర్డుల్లో ఫిల్మ్ కెపాసిటర్లుండేవి. శ్రద్ధగా చేసేవాడు సౌండ్ వెళ్లే దారిలో మంచి రకం వేస్తాడు, లేనివాడు లేదు. అది పెట్టె చిన్నదైనందుకు వచ్చిన లోపం కాదు, పిసినారితనం.

సమన్వయకర్త: అయితే బ్యాటరీ లేకపోవడమే పెద్ద లోటంటారా?

స్టూడియో గిటారిస్ట్: స్టూడియోలో కాదు. బయట అవును. వినాయకచవితి పందిట్లో వాయించావా అమ్మా ఎప్పుడైనా?

బ్యాండ్ గిటారిస్ట్: వాయించాను సార్. జనరేటర్ కరెంటు. నా పెడల్స్ అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరు వేశాను. పాట మొదలయ్యేలోపే ఆంప్ నుంచి కందిరీగల గుంపు లేచినట్టు ఒకటే రొద.

మేస్త్రి: అది జనరేటర్ ఒక్కదాని తప్పు కాదు. ఆ గొలుసులో డిజిటల్ డిలే, అదే సౌండ్‌ని ప్రతిధ్వనిలా తిరిగి వినిపించేది, ఒకటి ఉండుంటుంది గదా?

బ్యాండ్ గిటారిస్ట్: ఉంది.

మేస్త్రి: అదే. మామూలు ఓవర్‌డ్రైవ్ అయిదు పది మిల్లీ ఆంపులతో బతుకుతుంది. డిజిటల్ డిలే, పెద్ద హాల్లో వాయించినట్టు మోత ఇచ్చే రివర్బ్ లాంటివి వంద దాకా లాగుతాయి, పైగా లోపల గడియారం లాంటి చిప్పు కొట్టుకుంటూ ఉంటుంది. ఆ చప్పుడు ఉమ్మడి వైరు పట్టుకుని పక్కింట్లోకి దూరుతుంది. దేని అవుట్‌పుట్ దానికి విడిగా ఉండే ఐసొలేటెడ్ సప్లై పెడితే పోతుంది. కానీ ఆ సప్లై పెట్టె బరువు, సైజు చూడండి. నాలుగు మినీలంత ఉంటుంది!

సమన్వయకర్త: పెడల్స్‌లో మిగిల్చిన చోటు దానికి ధారపోశామన్నమాట.

మేస్త్రి: ఇంకోటండోయ్. ఈ పెడల్స్‌లో ఎక్కువవాటికి పిన్ను మధ్యలో మైనస్ ఉండాలి. ఇంట్లో ఏదో అడాప్టర్ దొరికింది గదా అని గుచ్చుతారు, దాంట్లో మధ్యలో ప్లస్ ఉంటుంది. నెలకి రెండు మూడైనా అట్లాంటివి వస్తాయి నా దగ్గరికి. రక్షణ డయోడ్ ఉంటే అది తాను కాలిపోయి పెడల్ ప్రాణం కాపాడుతుంది, లేకపోతే చిప్పు పోతుంది.

సమన్వయకర్త: సరే, కాలి దగ్గరికి వద్దాం. అమ్మాయి చెప్పులు బయటే విప్పి వచ్చింది, నేను గమనించాను.

బ్యాండ్ గిటారిస్ట్: స్టూడియో అంటే చెప్పులు బయటే గదండీ! (నవ్వు) ఇది వీడియోల్లో ఎవరూ చెప్పరు. వాళ్లంతా బూట్లేసుకుని తొక్కుతారు. మనం ఒట్టి పాదంతో. పెద్ద బాస్ పెడల్ మీద రబ్బరు పలక ఉంటుంది, అరికాలితో ఎక్కడ నొక్కినా పడుతుంది. మినీకి ఉన్నది బటనంత ఇనుప స్విచ్చి ఒకటే. రెండు గంటల రిహార్సల్ అయ్యేసరికి బొటనవేలి కింద నల్లగా కమిలిపోతుంది.

స్టూడియో గిటారిస్ట్: స్టేజీ మీద బూట్లుంటాయి, అక్కడ ఇంకో తంటా. లెక్క చూద్దాం. మినీ 40 మిల్లీమీటర్లు. రెండు పెడల్స్ మధ్య ప్యాచ్ కేబుల్ ప్లగ్గులకి మరో 25 పోతుంది, ఎంత పల్చటి ప్లగ్గు తెచ్చినా. అంటే స్విచ్చికీ స్విచ్చికీ దూరం 65. మగవాడి బూటు వెడల్పు దగ్గర దగ్గర 100. డిలే నొక్కబోతే పక్కనున్న, సౌండ్‌ని గరుకుగా చీల్చే డిస్టార్షన్ కూడా లేస్తుంది. మెలోడీ పాటలో పల్లవి మధ్య అది లేస్తే సింగర్ వెనక్కి తిరిగి చూసే చూపు ఉంటుందే...

సమన్వయకర్త: మరి దూరం దూరంగా పెట్టుకోవచ్చుగా?

స్టూడియో గిటారిస్ట్: పెట్టుకోవచ్చు. అప్పుడు పెద్దవాటికి పట్టినంత చోటే పడుతుంది. ఆ మాత్రానికి మినీ ఎందుకు?

బ్యాండ్ గిటారిస్ట్: అన్నిటినీ తొక్కం కదా సార్. నా బోర్డులో సౌండ్ హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్, సౌండ్ పెంచే బూస్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి. అవి మినీలు, వెనక వరసలో. కాలు తగిలే ముందు వరసలో పెద్దవే. అలా సర్దుకున్నాక బోర్డు ఒక భుజానికి సంచిలో పట్టేస్తోంది, గిటార్ ఇంకో భుజానికి. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు కిందికి తోసేస్తాను. విమానంలో అయితే చేతి సామాను ఏడు కిలోలు, అందులో పెద్ద పెడల్ ఒక్కోటి నాలుగొందల గ్రాములు. ఆరు పెద్దవి, సప్లై, బోర్డు... కౌంటర్ దగ్గర ఆమెని బతిమాలుకోవడమే. నేను మినీల పక్షమే, ఆ ఒక్క కారణానికి.

మేస్త్రి: ఆ తేలికే దాన్ని పడేస్తుంది. అడుగున వెల్‌క్రో లేకపోతే తొక్కగానే చేపపిల్లలా జారిపోతుంది. జారితే కేబుల్ లాగుతుంది. కేబుల్ లాగితే జాకు. పాత పెద్ద పెట్టెల్లో చాలావాటికి జాకుని నట్టుతో డబ్బాకి బిగించి, వైరుతో బోర్డుకి కలిపేవాళ్లు. దెబ్బంతా డబ్బా తినేది. మినీల్లో ఎక్కువవాటికి జాకు నేరుగా బోర్డుకే అతుకుతుంది. గట్టిగా ఒక్క లాగు లాగితే దాంతోపాటు రాగి పొర కూడా లేచొస్తుంది. అంత సన్నటి దారి మళ్లీ అతకడమంటే భూతద్దం పెట్టుకుని కూర్చోవాలి. నా కళ్లద్దాల నంబరు పెరిగిందే వీటివల్ల.

సమన్వయకర్త: చేస్తారా, పారేయమంటారా?

మేస్త్రి: జాకు, స్విచ్చి అయితే చేస్తాను. నాబు పోతే మాత్రం అదే కొలత దొరకాలి, రిచీ స్ట్రీట్ ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగినా కొన్ని దొరకవు. పైగా మన ఊరి ఉప్పుగాలి. పెద్ద నాబయితే సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తిప్పుతాను, గరగర పోతుంది. వీటిలో కొన్ని పూర్తిగా మూసేసి ఉంటాయి, క్లీనర్ గొట్టం దూర్చడానికి సందుండదు.

సమన్వయకర్త: వాయించింది పట్టి తిప్పి తిప్పి వినిపించే లూపర్ల సంగతి? మినీల్లో బాగా ఆడింది అదే అంటారు.

బ్యాండ్ గిటారిస్ట్: టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో. అయిదు నిమిషాల లూప్, ఒకే స్విచ్చి, ఒకే నాబు. ఒకసారి నొక్కితే రికార్డు, మళ్లీ నొక్కితే అదే తిరుగుతుంది. ఆపాలంటే టకటకా రెండుసార్లు నొక్కాలి. అక్కడే చిక్కు. సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఆపాలంటే రెండో నొక్కు సమం మీద పడాలి, మొదటిది దానికి ముందు. తబలా వాయించేవాళ్లకి ఇది వెంటనే వస్తుంది, మాకు వారం పట్టింది.

స్టూడియో గిటారిస్ట్: డిలే కూడా అంతే. పాట తాళానికి కాలితో టైమ్ కొట్టే రెండో స్విచ్చికి మినీలో చోటుండదు. వంగి నాబు తిప్పాలి. ఈ వయసులో నాకు అదొక గుంజీలే.

(నవ్వులు)

సమన్వయకర్త: అమ్మా, చివరగా ఆ రెండు ఓవర్‌డ్రైవ్‌లూ ఒకదాని వెంట ఒకటి వినిపిస్తావా? ఏది ఏదో చెప్పకు, గురువుగారు కనిపెడతారు.

(గిటార్ శబ్దం. కొన్ని క్షణాలు.)

స్టూడియో గిటారిస్ట్: ఆగమ్మా. ఏ పెడలో తర్వాత చెబుతాను. ఏసీ గదిలోకొచ్చాక రెండో తీగ శ్రుతి తప్పింది.

బ్యాండ్ గిటారిస్ట్: ట్యూనర్ ఆన్ చేస్తాను సార్.

(ఆమె నేల మీద మోకాళ్లూని, మినీ ట్యూనర్ తెర మీదికి వంగుతుంది.)

బ్యాండ్ గిటారిస్ట్: ఎవరైనా ఆ లైటు కాస్త పక్కకి తిప్పండి, అక్షరాలు కనపడటం లేదు.