రెప్లికా కోబ్రా: చక్రాల ఎంపిక, ఇంజిన్ వేడి

(దృశ్యం: తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు. నీలిరంగు కారు వచ్చి ఆగుతుంది.)

నమస్కారం. మీరు చూస్తున్నది ఏసీ కోబ్రా ఆకృతిలో ఫైబర్‌గ్లాస్‌తో కట్టిన రెప్లికా కారు. బ్రిటన్‌కు చెందిన ఏసీ సంస్థ తయారు చేసిన తేలికపాటి కారులో అమెరికా రేసర్ క్యారల్ షెల్బీ 1962లో ఎనిమిది సిలిండర్ల ఫోర్డ్ వీ8 ఇంజిన్‌ను అమర్చడంతో అసలు కోబ్రా పుట్టింది. రెప్లికాలో రూపం మాత్రమే ఆ కారుది. హబ్బులు (చక్రాలను బిగించే ఇరుసు చివరలు), బ్రేకులు, ఇంజిన్ అన్నీ డోనర్ కారువి, అంటే భాగాల కోసం విప్పిన వేరే కారువి. కనుక చక్రాన్నయినా రేడియేటర్‌నయినా పాత ఫొటోలను చూసి కాక, ఫైబర్ కింద ఉన్న ఇనుమును కొలిచి ఎంచుకోవాలి.

(దృశ్యం: జాకీ మీద కారు. చక్రం విప్పిన హబ్ దగ్గరగా కనిపిస్తుంది.)

మొదట చూడవలసినది పీసీడీ, అంటే బోల్టుల మధ్యలనన్నిటినీ కలుపుతూ పోయే వృత్తం వ్యాసం. అయిదు బోల్టుల హబ్బులో పక్కపక్కనున్న రెండు బోల్టుల మధ్య నుంచి మధ్యకు ఎంత దూరమో కొలిచి, దానిని 1.7తో గుణిస్తే పీసీడీ వస్తుంది. ఈ హబ్బులో ఆ దూరం 67.2 మిల్లీమీటర్లు కాబట్టి పీసీడీ 114.3. నాకు మొదట అమ్మిన చక్రాల పీసీడీ 112. దుకాణదారుడు "సరిపోతుందండీ" అన్నాడు. నట్లు కూడా బిగుసుకున్నాయి. కానీ 2.3 మిల్లీమీటర్ల తేడా వల్ల నట్టు గుంటలో నిటారుగా కూర్చోక ఒక అంచు మీద మాత్రమే ఆనుతుంది. అలా ఆనిన నట్టు నడకలో వదులవుతుంది. వాటిని నేను మరునాడే తిరిగి ఇచ్చివేశాను.

తరువాతది ఆఫ్‌సెట్, అంటే రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ కొలత; అది తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. 7 అంగుళాల వెడల్పు, 40 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ తీసి 8 అంగుళాల వెడల్పు, 20 ఆఫ్‌సెట్ ఉన్నది పెడితే వెలుపలి అంచు దాదాపు 33 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. మడ్‌గార్డ్ కింద చోటు ఉన్నంత మాత్రాన సరికాదు. చక్రం ఎంత బయటికి జరిగితే బేరింగుల మీద అంత భారం పడుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. రిమ్ మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదైతే ఆ ఖాళీని పూరించే రింగు తప్పనిసరిగా వేయించండి. తీగల చక్రాలు అందమైనవే, కాదనను. అయితే సముద్రపు ఉప్పుగాలిలో ఒక్కొక్క తీగనూ తుడుచుకునే ఓపిక నాకు లేదు. ఇంకొక మాట: రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తుంది కాబట్టి పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో విచారించండి.

(దృశ్యం: బానెట్ ఎత్తి ఉంటుంది. చేతిలో వెలిగించిన అగరుబత్తి.)

ఇక వేడి సంగతి. కారు ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. మద్దిలపాలెం కూడలిలో ఆగినప్పుడు వేడిని చూపే ముల్లు పైకి పోయి, జాతీయ రహదారి ఎక్కగానే దిగివస్తే లోపం ఫ్యాన్‌ది లేదా ష్రౌడ్‌ది, అంటే ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగుది. వేగంగా పోతున్నప్పుడే పెరుగుతూ ఉంటే రేడియేటర్ చాలడం లేదు, లేదా గాలి దాని గుండా కాక పక్కల నుంచి జారిపోతోంది. దానిని పట్టుకోవడానికి ఇదిగో, ఫ్యాన్ తిరుగుతుండగా రేడియేటర్ ముందు ఈ అగరుబత్తి పొగను నెమ్మదిగా నడిపించండి. పొగ రేడియేటర్ రెక్కలలోకి లాక్కోబడితే మంచిదే. ఇక్కడ, ఎడమ మూలన, సందులోకి వంగిపోవడం చూశారా? ఈ సందును అల్యూమినియం రేకుతో, రబ్బరుతో మూయడమే అన్నిటికంటే చవకైన మెరుగుదల. దీనికి ముందే పెద్ద రేడియేటర్ కొనడం డబ్బు పారబోయడమే.

లోపలికి వచ్చిన గాలి బయటికి కూడా పోవాలి. అసలు కోబ్రాలో ముందు చక్రాల వెనుక ఉండే పక్క గాలి సందులు వేడి గాలి బయటికి పోవడానికి పెట్టినవి. ఈ కారు బాడీలో వాటిని మూసివేసి మోల్డ్ చేశారు, నేను కోయించాను.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం) తీసివేస్తే చల్లబడుతుందని చెప్పే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. అది వైద్యం కాదు. ఇంజిన్ సరైన వేడికి చేరడమే ఆలస్యమవుతుంది. ఒక బార్ ఒత్తిడిని నిలిపే రేడియేటర్ మూత సరిగా పనిచేస్తే నీరు దాదాపు 120 డిగ్రీల వరకు మరగదు, కాబట్టి ముందు మూతనే మార్చి చూడండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోకండి. బోరు నీటికి బదులు డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు), ఫ్యూజు విడిగా ఇప్పించండి. మన ఊళ్లో కనెక్టర్లకు పచ్చని చిలుము పట్టడానికి ఒక వానాకాలం చాలు, చిలుము పట్టిన తీగలో కరెంటు తగ్గితే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది.

(దృశ్యం: శృంగవరపుకోట దాటిన తరువాత అనంతగిరి ఘాట్ రోడ్డు.)

అరకు దారిలోని ఈ ఎక్కుడులో రెండో గేరులో, బరువుతో, మధ్యాహ్నం వేళ ముల్లు మధ్యలోనే నిలబడింది. ఇప్పుడు పైన కారును ఆపి చల్లారనిచ్చి, కొత్త చక్రాల నట్లను బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో మరొకసారి బిగిస్తాను.